కుక్కొస్తే వెలుగుతుంది, మామ్మొస్తే వెలగదు

"కవితలు చాలా వచ్చేశాయి, ఈసారి ఎవరైనా వ్యాసాలు రాయండి బాబూ" అని మన క్లబ్ గ్రూపులో మెసేజ్ వచ్చినప్పుడు అది నాకు కాదులే అనుకున్నాను. నేను ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీష్ మీడియం. తెలుగులో వరసగా నాలుగు పేజీలు చివరిసారి రాసింది పదో తరగతి పరీక్షలో. కానీ మొన్న సంక్రాంతి సెలవుల్లో మా ఇంట్లో ఒక లైటు గురించి వారం రోజులు గొడవ జరిగింది. ఆ గొడవలో నాకొక గట్టి అభిప్రాయం ఏర్పడింది. ఒత్తులూ దీర్ఘాలూ తప్పితే మన్నించండి, విషయం మాత్రం చదవండి.

మాది ఆమదాలవలస దగ్గర ఒక పల్లె. ఇంటి వెనక పొడుగాటి పెరడు. ఇటు చివర వంటింటి తలుపు, అటు చివర బాత్రూమ్, మధ్యలో పాతిక అడుగుల దూరం. ఆ దారిలో ఒక మెట్టు, కుళాయి, బట్టలుతికే బండ, గోడవారగా కట్టెల మోపు, నాలుగు అరటి చెట్లు ఉంటాయి. మా మామ్మకి డెబ్బై ఎనిమిదేళ్ళు. రాత్రి రెండు మూడు సార్లయినా లేచి ఆ దారంట వెళ్తుంది. ఎవర్నీ లేపదు. లేపమంటే "నాను సిన్నపిల్లనేటి" అంటుంది.

రెండేళ్ళ క్రితం వానాకాలంలో ఆ కట్టెల మోపులోంచే కట్లపాము బయటికొచ్చింది. అదృష్టం బాగుండి పగలు కనపడింది. పల్లెటూళ్ళ నుంచి వచ్చిన మీలో చాలామందికి ఇలాంటిది ఒకటి గుర్తుండే ఉంటుంది. ఇది ఒక్క ఇంటి భయం కాదు. మన దేశంలో పాముకాటు మరణాల మీద 2020లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనం ప్రకారం 2000 నుంచి 2019 దాకా దాదాపు 12 లక్షల మంది చనిపోయారు. అంటే సగటున ఏడాదికి 58,000 మంది. ఎక్కువ మరణాలు పల్లెల్లో, ఇంటి దగ్గరే. సగం వానాకాలంలోనే. ఎక్కువ మరణాలున్న ఎనిమిది రాష్ట్రాల్లో మన ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. కాబట్టి పెరట్లో లైటు అనేది మాకు డెకరేషన్ కాదు.

అందుకే దసరా సెలవుల్లో నా డబ్బులతో ఆన్‌లైన్‌లో ఒక మోషన్ సెన్సార్ లైటు కొన్నాను. 12 వాట్ల ఎల్ఈడీ. కింద తెల్లటి గుండ్రటి సెన్సార్, పక్కన మూడు చిన్న నాబ్‌లు ఉన్నాయి. సెన్స్ అంటే ఎంత సున్నితంగా పట్టుకోవాలి, టైమ్ అంటే ఎంతసేపు వెలగాలి, లక్స్ అంటే ఎంత చీకటి పడ్డాక పని మొదలుపెట్టాలి. బాత్రూమ్ గోడ మీద, వంటింటి తలుపుకి ఎదురుగా, ఎత్తుగా బిగించాను. రాత్రి చేతులూపుకుంటూ నాలుగు సార్లు అటూ ఇటూ నడిచాను. నాలుగు సార్లూ వెలిగింది. టెస్టింగ్ అయిపోయింది. సూట్‌కేసు సర్దుకుని హాస్టల్‌కి వచ్చేశాను.

తర్వాత ఫోన్లు మొదలయ్యాయి. ముందు అమ్మ చేసింది. "ఒరేయ్, రాత్రంతా వెలుగుతూ ఆరుతూ ఉందిరా, ఊళ్ళో కుక్కలన్నిటికీ మన పెరట్లోనే పని." వారం తర్వాత నాన్న. "నేను స్క్రూడ్రైవర్‌తో తిప్పి సరిచేశాలే." డిసెంబరులో మళ్ళీ అమ్మ. ఈసారి గొంతు తగ్గించి చెప్పింది. మామ్మ చీకట్లో మెట్టు దగ్గర జారిపడిందట. చేతి మణికట్టు వాచింది. ఎముక విరగలేదు.

సంక్రాంతికి ఇంటికి వెళ్ళగానే చేతికి గుడ్డ కట్టుకుని మంచం మీద కూర్చున్న మామ్మ నన్నడిగిన మొదటి మాట ఇది. "కుక్కొస్తే ఎలుగుతాది. నానెల్తే ఎలగదు. ఇదేటి లైటురా బాబూ? నాను మడిసిని కానేటి?"

అమ్మ నవ్వేసింది. నాన్న "చైనా సరుకు అంతే, తీసి పారెయ్" అన్నాడు. నేనూ నవ్వాను గానీ రాత్రి పడుకున్నాక ఆ మాటే గుర్తొచ్చింది. ఆలోచిస్తే అది తిట్టు కాదు. చాలా కచ్చితమైన బగ్ రిపోర్ట్. ఏ పరిస్థితిలో పని చేస్తోందో, ఏ పరిస్థితిలో చెయ్యట్లేదో రెండూ చెప్పింది. మనం ల్యాబ్‌లో "సార్, రన్ అవ్వట్లేదు సార్" అని మాత్రమే చెప్తాం.

మర్నాడు నుంచి ఒక నోట్‌బుక్ పెట్టుకుని చూడ్డం మొదలుపెట్టాను. ఒక్కటే నియమం పెట్టుకున్నాను. ఒకసారికి ఒక్కటే మార్చాలి, మార్చింది రాసుకోవాలి. ఎందుకంటే నాన్న ఒకే రోజు మూడు నాబ్‌లూ తిప్పేశాడు. ఏది ఎటు తిప్పాడో ఆయనకే గుర్తులేదు. కమిట్ మెసేజ్ రాయకుండా కోడ్ మార్చే వాళ్ళు మన క్లాసులోనూ ఉన్నారు, నేను పేర్లు చెప్పను.

మొదట దొరికిన తప్పు స్విచ్. పడుకునే ముందు ఇంట్లో స్విచ్‌లన్నీ ఆపడం అమ్మకి అలవాటు. సెన్సార్ లైటు స్విచ్ ఎప్పుడూ వేసే ఉంచాలి. ఆపేస్తే సెన్సార్ కూడా నిద్రపోతుంది. పైగా మళ్ళీ కరెంటు అందాక అది కుదురుకోడానికి అర నిమిషం నుంచి నిమిషం దాకా పడుతుంది. మామ్మ స్విచ్ వేసి, వెంటనే వెలగలేదని చీకట్లోనే నడిచిన రాత్రులు కొన్ని ఉన్నాయి. స్విచ్ మీద టేపు అంటించాను.

రెండోది నేను ఊహించనిది. కొన్ని రాత్రులు అసలు ఎవరికీ వెలగట్లేదు, కొన్ని రాత్రులు బాగానే ఉంది. మూడు రాత్రులు రాసుకుంటే గానీ అర్థం కాలేదు. పక్క సందులో స్తంభానికి కొత్తగా వీధి లైటు వేశారు. అది వెలిగిన రాత్రి దాని వెలుతురు మా సెన్సార్ మీద పడుతోంది. లక్స్ నాబ్ బాగా తక్కువలో ఉంది కాబట్టి మా లైటు "ఇంకా పగలే" అనుకుంటోంది. వీధి లైటు వెలగని రాత్రి మాత్రం మామూలుగా పని చేస్తోంది. మామ్మ నడిచే మెట్టు దగ్గరేమో అరటి ఆకుల నీడ, చిమ్మచీకటి. లక్స్ పెంచి, సెన్సార్‌కి ఆ వైపు నల్ల టేపుతో చిన్న గొడుగులాంటిది పెట్టాక ఆ సమస్య పోయింది.

ఇప్పుడు అసలు ప్రశ్న. కుక్క ఎందుకు కనపడుతోంది, మామ్మ ఎందుకు కనపడట్లేదు?

దీనికి ఆ తెల్ల గుండ్రటి డబ్బాలో ఏముందో తెలియాలి. అది కెమెరా కాదు. మన ఒంటి నుంచి వచ్చే వేడిని, అంటే ఇన్‌ఫ్రారెడ్ కిరణాలని పట్టుకునే పైరోఎలక్ట్రిక్ సెన్సార్. పైన కనపడే గీతల గీతల ప్లాస్టిక్ మూత ఫ్రెనెల్ లెన్స్. 1820ల్లో ఫ్రెనెల్ అనే ఫ్రెంచి ఆయన లైట్‌హౌస్‌ల కోసం తయారుచేసిన లెన్స్ సూత్రమే ఇది. కళింగపట్నం బీచ్‌కి వెళ్ళినవాళ్ళు లైట్‌హౌస్ చూసే ఉంటారు. అక్కడ దీపం వెలుతురుని సముద్రం మీదికి పంపాలి. ఇక్కడ దానికి తిరగేసి, పెరట్లో ఉన్న వేడిని తెచ్చి లోపలున్న చిన్న సెన్సార్ మీద వెయ్యాలి. ఆ లెన్స్ పెరడు మొత్తాన్ని విసనకర్ర మడతల్లాగా ముక్కలు ముక్కలుగా విడగొడుతుంది. లోపల రెండు భాగాలు ఒకదానికొకటి ఎదురుగా కలిపి ఉంటాయి. రెండింటి మీదా వేడి ఒకేలా పడితే లెక్క కొట్టుకుపోయి సున్నా అవుతుంది. ఒక దాని మీద పడి, తర్వాత రెండో దాని మీద పడితేనే సిగ్నల్ వస్తుంది.

అంటే ఈ లైటుకి మనిషి ఉన్నాడా లేడా అన్నది తెలీదు. మార్పు మాత్రమే తెలుస్తుంది.

కుక్క కంచెలో కంతలోంచి దూరి, పెరటికి అడ్డంగా పరిగెడుతుంది. ఒక్క సెకనులో ఆ మడతలన్నీ దాటేస్తుంది. సెన్సార్‌కి పండగ. మా మామ్మ వంటింటి తలుపులోంచి నేరుగా సెన్సార్‌కి ఎదురుగా, గోడ పట్టుకుని, ఒక్కో అడుగూ వేసుకుంటూ వస్తుంది. ఎదురుగా వచ్చేవాళ్ళు మడతలు దాటరు, ఒకే మడతలో నెమ్మదిగా పెద్దవుతారు. ఆ పైన శాలువా కప్పుకుంటుంది కాబట్టి బయటికొచ్చే వేడి కూడా తక్కువ. కుక్కల గోల భరించలేక నాన్న సెన్స్ నాబ్ తగ్గించాక ఆ కాస్త సిగ్నల్ కూడా లెక్కలోకి రాకుండా పోయింది. కుక్క తగ్గించిన తర్వాత కూడా దొరుకుతోంది, ఎందుకంటే దాని సిగ్నల్ పెద్దది. పోయింది మామ్మ ఒక్కతే.

ఇంకోటి ఉంది. టైమ్ నాబ్ అన్నిటికంటే తక్కువలో, పది సెకన్ల దగ్గర ఉంది. కరెంటు ఆదా అని నేనే పెట్టాను. నాకు ఆ దారి పది సెకన్లు కూడా కాదు. మామ్మ మెట్టు దగ్గర ఆగుతుంది, కుళాయి దగ్గర కూర్చుని కాళ్ళు కడుక్కుంటుంది. కదలకుండా కూర్చుంటే సెన్సార్ దృష్టిలో ఆమె లేనట్టే. దారి మధ్యలో లైటు ఆరిపోతుంది. వెలుతురులోంచి ఒక్కసారి చీకట్లో పడితే కళ్ళు సర్దుకోడానికి టైమ్ పడుతుంది, పెద్దవాళ్ళకి ఇంకా ఎక్కువ. ఆమె జారింది మెట్టు దగ్గరే. ఆ రాత్రి లైటు అసలు వెలగలేదా, వెలిగి ఆరిపోయిందా అని అడిగాను. "వెలిగి ఆరిపోనాది" అంది. నాన్న తిప్పిన నాబ్ కాదు, నేను తిప్పిన నాబ్ అన్నమాట.

ఇక్కడి నుంచి నా అభిప్రాయం.

మనం మెషిన్ లెర్నింగ్ క్లాసులో కన్ఫ్యూజన్ మ్యాట్రిక్స్ చదువుతాం. ఫాల్స్ పాజిటివ్, ఫాల్స్ నెగెటివ్. ఎవరూ రాకపోయినా వెలగడం మొదటిది, మనిషి వచ్చినా వెలగకపోవడం రెండోది. పరీక్షలో రెండింటికీ సమానంగా మార్కులు. పెరట్లో అవి సమానం కావు. కుక్కకి వెలిగితే పోయేదేంటి? లెక్క వేశాను. 12 వాట్ల లైటు మూడు నిమిషాలు వెలిగితే 0.6 వాట్ అవర్. రాత్రికి 60 సార్లు అనవసరంగా వెలిగినా 36 వాట్ అవర్. నెలంతా కలిపితే దాదాపు ఒక్క యూనిట్. ఇటు పక్క మామ్మకి ఒక్కసారి వెలగకపోతే మణికట్టు. ఇంకోసారి వెలగకపోతే కట్లపాము కావచ్చు. ఒక యూనిట్ కరెంటునీ ఒక మనిషినీ పక్కపక్కన పెట్టి, మా ఇంట్లో చదువుకున్న ఇద్దరం యూనిట్ వైపు నాబ్ తిప్పాం. ఎవరం చెడ్డవాళ్ళం కాదు. కుక్కకి వెలిగితే అందరికీ చిరాకు, అందుకని అందరూ కంప్లైంట్ చేస్తారు. మామ్మకి వెలగకపోతే మామ్మ ఒక్కతే చీకట్లో ఉంటుంది, ఆమె ఎవర్నీ లేపదు. కంప్లైంట్ గట్టిగా వినపడిన వైపే నాబ్ తిరిగింది.

ఆ లైటు అట్టపెట్టె మీద ముసుగు వేసుకున్న దొంగ బొమ్మ ఉంది. దొంగ కోసం అయితే ఆ సెట్టింగులు సరిపోతాయేమో. మా పెరట్లో దొంగ ఎత్తుకుపోయేది అరటి గెల తప్ప ఏమీ లేదు. మా లైటు మామ్మ కోసం. ఆ మాట కొన్న రోజే అనుకుని ఉంటే టెస్టింగ్‌కి నేను నడిచేవాడిని కాదు. పంతొమ్మిదేళ్ళవాడిని, చేతులూపుకుంటూ, వెలుగుతుందో లేదో అని లైటు వంకే చూస్తూ నడిచాను. "నా లాప్‌టాప్‌లో బాగానే రన్ అవుతోంది" అనడానికీ దీనికీ తేడా ఏముంది?

ఇది మా పెరట్లో మాత్రమే జరిగే విషయం కాదు. 2018లో జాయ్ బువోలాంవినీ, టిమ్నిట్ గెబ్రూ అనే ఇద్దరు పరిశోధకులు జెండర్ షేడ్స్ అనే అధ్యయనంలో మొహం చూసి ఆడా మగా చెప్పే మూడు కంపెనీల సాఫ్ట్‌వేర్లని పరీక్షించారు. తెల్లగా ఉన్న మగవాళ్ళ విషయంలో తప్పులు ఎక్కువలో ఎక్కువ 0.8 శాతం. నల్లగా ఉన్న ఆడవాళ్ళ విషయంలో 34.7 శాతం దాకా. సగటు చూస్తే అన్నీ మంచి సాఫ్ట్‌వేర్లే. ఎవరికి తప్పుతోంది అని విడదీసి చూసినప్పుడే అసలు సంగతి బయటపడింది. మా లైటుకి కూడా సగటు తీస్తే మంచి మార్కులే వస్తాయి. కుక్కలు, పిల్లులు, నాన్న, అమ్మ, నేను, అందరికీ వెలుగుతోంది.

"ఇంత గోల ఎందుకు, రాత్రంతా మామూలు బల్బు వేసి ఉంచొచ్చు కదా" అని మీరు అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. 12 వాట్లు పన్నెండు గంటలు వెలిగినా నెలకి నాలుగున్నర యూనిట్ల లోపే. డబ్బు సంగతి అయితే నేను ఓడిపోయినట్టే. కానీ కార్తీకమాసంలో రాత్రంతా లైటు వేసి చూడండి, పొద్దున్నకి పురుగులు చేటతో ఎత్తాలి. ఆ పురుగుల కోసం కప్పలు చేరతాయి. కప్పల కోసం ఏం వస్తుందో అని పెద్దవాళ్ళు భయపడేది ఊరికే కాదు. ఎండాకాలం పక్కింటి తాతయ్య ఆరుబయట మంచం వేసుకుంటాడు, ఆయన కళ్ళలో పడుతుంది. మన జిల్లా తీరంలోనే గుడ్లు పెట్టే ఆలివ్ రిడ్లీ తాబేళ్ళ పిల్లలు రాత్రి ఇసుకలోంచి బయటికొచ్చి వెలుతురున్న వైపుకి పాకుతాయి. తీరం వైపు లైట్లుంటే సముద్రం అనుకుని అటు పోతాయి. వెలుతురు మనం వేసిన చోటే ఆగదు. అవసరమైనప్పుడు అవసరమైనంతసేపు వెలగడం మంచి ఆలోచనే. ఎవరి అవసరం అన్నదే తేల్చుకోవాలి.

మేం చివరికి చేసిందేమిటంటే, మెయిన్ ఆపి, కరెంటు పని తెలిసిన బాబాయిని పిలిచి, లైటుని బాత్రూమ్ గోడ మీంచి తీసి పక్క గోడకి మార్చాం. ఇప్పుడు మామ్మ దారి సెన్సార్‌కి అడ్డంగా పోతుంది, ఎదురుగా కాదు. ఎత్తు ఎనిమిది అడుగులకి తగ్గించి, మొహం కిందికి వంచాం. దాంతో కంచె కంత చాలావరకు దాని చూపులోంచి తప్పుకుంది. అంటే కుక్కల సమస్యకి మందు నాబ్‌లో లేదు, గోడలో ఉంది. సెన్స్ పూర్తిగా పెంచాం. టైమ్ మూడు నిమిషాలు. లెన్స్ మీద సాలెగూడూ దుమ్మూ నెలకోసారి తుడవడం అమ్మ పని.

తర్వాత టెస్టింగ్ మామ్మ చేత చేయించాను. శాలువా కప్పుకుని, మామూలుగా నడిచే నడకే నడవమన్నాను. మూడు రాత్రులు, ప్రతిసారీ నోట్‌బుక్‌లో టిక్కు పెట్టాను. పదకొండు సార్లకి పదకొండు. ఆమెకి మాత్రం నా మీద జాలేసింది. "పండగ పూట ఈ గుంటడికి ఇదేటి పని" అని అమ్మతో అంది.

ఇంకో పని కూడా చేశాం. ఎండాకాలం వస్తోంది. రాత్రి గాలీ గోడలూ కూడా వేడిగా ఉంటే ఒంటి వేడికీ చుట్టూ ఉన్న వేడికీ తేడా తగ్గిపోతుంది, అప్పుడు ఈ రకం సెన్సార్‌కి చూపు ఇంకా మందగిస్తుంది. అందుకని వంటింటి తలుపు పక్కన, మామ్మ చేతికి అందే ఎత్తులో, సెన్సార్‌తో సంబంధం లేకుండా నేరుగా వెలిగే ఒక మామూలు బల్బుకి మామూలు స్విచ్ పెట్టించాం. కంప్యూటర్ సైన్స్ చదివేవాడిగా ఇది ఒప్పుకోడానికి కొంచెం సిగ్గుగానే ఉంది. కానీ మనిషిని గుర్తుపట్టే పని ఒక యంత్రానికి అప్పజెప్పినప్పుడు, అది గుర్తుపట్టకపోతే ఆ మనిషి చేతిలో ఏదో ఒకటి ఉండాలి అనే నా అభిప్రాయం.

ఈసారి సెలవులకి ఇంటికి వెళ్తే మీ ఇంట్లో సెన్సార్ లైటుని ఒకసారి చూడండి. అందరికంటే నెమ్మదిగా నడిచేవాళ్ళని రాత్రిపూట ఆ దారిలో నడవమనండి, మీరు పక్కన ఉండండి. లైటు లేకపోతే కనీసం టార్చి బ్యాటరీ ఉందో లేదో చూడండి.

మా మామ్మ ఇప్పటికీ టార్చి పట్టుకునే వెళ్తుంది. మొన్న ఫోన్లో "లైటు వెలుగుతోంది కదా మామ్మా, మళ్ళీ టార్చి ఎందుకు?" అని అడిగాను. "ఎలుగుతాదిలే. ఉండనీ" అంది.